ఓపీ చీటీ దగ్గర ఆగిపోయే లెక్క: ఆంధ్రప్రదేశ్‌కు ఆరోగ్య ఆర్థిక కమిషన్ ఆవశ్యకత – కొల్లేటి ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

2020 జనవరి 3న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ఏలూరులో ఆరోగ్యశ్రీ విస్తరణను పైలట్ పద్ధతిలో ప్రారంభించారు. వైద్యం ఖర్చు వెయ్యి రూపాయలు దాటితే పథకం వర్తించాలన్నది లక్ష్యం. 2,059 చికిత్సల జాబితాతో మొదట పశ్చిమ గోదావరిలో అమలు చేసి, అనుభవాన్ని బట్టి తక్కిన జిల్లాలకు తీసుకెళ్లాలనుకున్నారు. అదే ఏడాది డిసెంబరు మొదటి వారంలో అదే ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోసాగారు. కొద్దిరోజుల్లోనే బాధితులు ఐదు వందలు దాటారు. ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలను అనుమానించిన సంస్థలూ ఉన్నాయి. ఆ వారం ఏలూరుకు అన్నిటికంటే ముందు కావలసింది నీటినీ, కూరగాయలనూ, రక్తాన్నీ వెంటనే పరీక్షించగల ప్రయోగశాల. నమూనాలు ఢిల్లీకీ హైదరాబాదుకూ వెళ్లాయి.

ఆ 2,059 చికిత్సల్లో నీటి పరీక్ష ఎందుకు ఉండదని అడిగితే, అది బీమా పని కాదంటారు. నిజమే. మరి అది ఎవరి పని, దాని డబ్బు ఏ పద్దు నుంచి రావాలి, చికిత్సకు ఎంత, నివారణకు ఎంత అని తేల్చేది ఎవరు? రాష్ట్రంలో పథకాలున్నాయి, ఆరోగ్యశ్రీ చెల్లింపులు చూసే ట్రస్టు ఉంది, అప్పుడప్పుడు నిపుణుల కమిటీలు వస్తుంటాయి. వైద్యానికయ్యే మొత్తం డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో, ఎవరి చేతికి చేరుతోందో నిరంతరం లెక్కగట్టి శాసనసభకు జవాబు చెప్పే చట్టబద్ధ సంస్థ మాత్రం లేదు. అలాంటి కమిషన్ కావాలన్నదే ఈ వ్యాసం వాదన.

అర్జీ నుంచి ట్రస్టు దాకా

పెద్ద చికిత్సలు తప్ప మిగతావి చూడని లోపం ఆరోగ్యశ్రీ పుట్టుకలోనే ఉంది. 2004 మే నుంచి 2007 జూన్ వరకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి సుమారు 55 వేల మందికి 168 కోట్ల రూపాయల వైద్య సహాయం అందింది. గుండె ఆపరేషన్లకూ కాన్సర్ చికిత్సకూ చేతిలో అర్జీ పట్టుకుని వచ్చిన వాళ్లే వీరిలో ఎక్కువ. ఆ అర్జీల వరుసను ఒక పద్ధతిలో పెట్టాలన్న ఆలోచనే పథకమైంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, రెండో విడతలో ఆ డిసెంబరుకల్లా ఉభయ గోదావరి జిల్లాలకు చేరింది. అర్జీలు పెద్ద ఆపరేషన్లవి గనుక పథకమూ పెద్ద ఆపరేషన్లదే అయింది. జ్వరానికి ఎవరూ ముఖ్యమంత్రికి అర్జీ పెట్టరు కదా.

డబ్బు నడిచే దారి మాత్రం మారుతూ వచ్చింది. తొలుత స్టార్ హెల్త్ బీమా కంపెనీ ద్వారా, 2008 జూలైలో వచ్చిన ఆరోగ్యశ్రీ-2 నుంచి నేరుగా ట్రస్టు ద్వారా చెల్లింపులు జరిగాయి. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం రెండింటినీ కలిపిన హైబ్రిడ్ పద్ధతిని ఆమోదించింది: 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు. బీమా నుంచి ట్రస్టుకు, ట్రస్టు నుంచి మళ్లీ సగం బీమాకు. ఏ మలుపు వల్ల ఎంత ఆదా అయింది, ఎంత నష్టం వచ్చింది అన్నది స్వతంత్రంగా తేల్చి సభ ముందుంచే ఏర్పాటు ఏ ప్రభుత్వమూ చేయలేదు.

పరిశోధకులు తమ వంతు చేశారు. విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ప్రచురించిన అధ్యయనం మొదటి విడత జిల్లాల తొలి తొమ్మిది నెలలను పరిశీలించింది. ఆసుపత్రిలో చేరినవారి సొంత ఖర్చు చెప్పుకోదగినంతగా తగ్గింది. ఓపీ ఖర్చులో తగ్గుదల అంతకంటే తక్కువ. కుటుంబాలను కుంగదీసే భారీ ఖర్చులపై స్పష్టమైన ప్రభావం కనిపించలేదు. దళిత, గిరిజన కుటుంబాలకు మిగతావారికి అందినంత మేలు అందలేదు. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాస్తూ, ఈ నమూనా ప్రైవేటు రంగానికే అనుకూలమని వాదించారు. అయితే పత్రికా వ్యాసాలకు జవాబు చెప్పి తీరాలన్న నిబంధన ఏ శాఖకూ లేదు.

ఆకివీడు నుంచి చూస్తే

ఉప్పుటేరుకు దగ్గరగా, కొల్లేటి అంచున ఉన్న ఆకివీడులో, చుట్టుపక్కల లంక గ్రామాల్లో వైద్యం ఖర్చు ఆసుపత్రి గుమ్మం తొక్కక ముందే మొదలవుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువుల్లో నిలవచేసిన నీరే దిక్కు. చేపల చెరువుల నుంచి వదిలే నీరు కాలువల్లో కలిసే చోట దాన్ని తాగలేక ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటారు. ఆ క్యాను ఖర్చు ఏ ఆరోగ్య లెక్కలోనూ కనపడదు. చెరువు గట్టు మీద కూలి చేసేవాడికి జ్వరమొస్తే మొదట ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్లి ఒక ఇంజెక్షన్ చేయించుకుంటాడు, ఒక సెలైన్ ఎక్కించుకుంటాడు. తగ్గకపోతే భీమవరంలోనో ఏలూరులోనో రక్తపరీక్షలు, స్కానింగ్. అక్కడా తేలకపోతే విజయవాడ. పోయిన కూలి, తోడు వచ్చినవాళ్ల చార్జీలు, తాకట్టు పెట్టిన బంగారానికి వడ్డీ అదనం. పథకం వర్తించే నెట్‌వర్క్ ఆసుపత్రిలో సహాయకుడైన ఆరోగ్యమిత్ర కార్డు చూసే సమయానికే ఇంట్లో అప్పు తయారై ఉంటుంది. షుగరు, బీపీ మాత్రలైతే నెలనెలా మందుల షాపు బిల్లే. ఈ దారిలో పథకానికి కనిపించేది చివరి మజిలీ ఒక్కటే.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశ మొత్తం ఆరోగ్య వ్యయంలో కుటుంబాలు సొంతంగా భరించే వాటా 2013–14లో 64.2 శాతం, 2021–22లో 39.4 శాతం. ఈ తగ్గుదలలో నిజమెంత, లెక్కకట్టే పద్ధతి ఎంత అన్న వివాదం ఆర్థికవేత్తల్లో ఇంకా తీరలేదు. ఆ సంగతి అలా ఉంచినా, ఈ అంచనాలకు ఆధారమైన నమూనా సర్వేలు రాష్ట్ర స్థాయి వరకే నమ్మకంగా పలుకుతాయి. ఒక మండలం గురించి వాటిని అడగలేం. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆకివీడు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో మిగిలింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైన ఏలూరు మరో జిల్లా అయింది. రోగులు గీత దాటి వెళ్తారు, లెక్కలు గీత దగ్గరే ఆగుతాయి.

కమిటీ వేరు, కమిషన్ వేరు

కమిటీలే లేవని అనలేం. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ మాజీ కార్యదర్శి కె. సుజాతారావు అధ్యక్షతన రాష్ట్రం నిపుణుల కమిటీని వేసింది. 2005లో నివేదిక ఇచ్చిన జాతీయ స్థూల ఆర్థిక, ఆరోగ్య కమిషన్‌కు ఆమె సభ్య కార్యదర్శి. అంతకంటే అర్హులు దొరకడం కష్టం. కమిటీ 2019 సెప్టెంబరులో వందకు పైగా సిఫార్సులు చేసింది. ప్రభుత్వ వైద్యుల ప్రైవేటు ప్రాక్టీసును ఆపాలన్నది వాటిలో ఒకటి. నివేదిక ఇవ్వడంతో కమిటీ పని అయిపోయింది. ఏ సిఫార్సును ఎందుకు వదిలేశారో చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ మిగలలేదు.

ఇక్కడ పాత చరిత్ర ఒకటి గుర్తుచేయాలి. వైద్య చరిత్రకారుడు హెన్రీ సిగరిస్ట్ 1944లో కెనడాలోని సస్కాచ్వాన్ రాష్ట్రానికి ఆరోగ్య సర్వే చేసిపెట్టాడు. అదే ఏడాది చివర భోర్ కమిటీకి సలహాదారుగా మన దేశానికీ వచ్చాడు. సస్కాచ్వాన్‌లో వెంటనే ఆరోగ్య సేవల ప్రణాళికా కమిషన్ ఏర్పడింది. 1947లో ఆసుపత్రి బీమా, వైద్యుల సమ్మెను తట్టుకుని 1962లో వైద్య బీమా వచ్చాయి. తర్వాత కెనడా అంతా ఆ బాట పట్టింది. మనకు 1946లో భోర్ కమిటీ ఇచ్చిన గొప్ప నివేదిక మిగిలింది. పేదరికం, జనాభా, పాలనాశక్తి అన్నీ వేరు కాబట్టి ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. అయినా సర్వే చేసిన వెంటనే దాన్ని మోసే సంస్థను నిలబెట్టుకోవడం అక్కడి తేడా.

మనకు నమూనా రాజ్యాంగంలోనే ఉంది. 243-ఐ అధికరణం ప్రకారం ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం ఏర్పడాలి. దాని నివేదికను, తీసుకున్న చర్యల వివరణతో సహా, శాసనసభ ముందు పెట్టాలి. ఆ సంఘాలు కూడా సకాలంలో ఏర్పడటం లేదని 15వ ఆర్థిక సంఘం తప్పుపట్టింది. కాబట్టి చట్టం ఉంటే చాలునన్న భ్రమ వద్దు. గడువు తప్పితే ఏమవుతుందో కూడా చట్టంలోనే రాయాలి.

ఆరోగ్య ఆర్థిక కమిషన్ మొదట చేయాల్సింది మండల స్థాయి కుటుంబ ఆరోగ్య వ్యయ సర్వే. ఓపీ, మందులు, పరీక్షలు, ప్రయాణం, పోయిన కూలి, తాగునీరు అన్నీ అందులో ఉండాలి. నెట్‌వర్క్ ఆసుపత్రులకు ఎంత చెల్లించారో, ఎంత బకాయి ఉందో మూడు నెలలకోసారి బయటపెట్టించాలి. బకాయిలు పేరుకుని ఆసుపత్రులు సేవలు ఆపేసినప్పుడల్లా నష్టపోయేది కార్డు చేతిలో ఉన్న రోగే. రాష్ట్రాలు బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యంపై ఖర్చు పెట్టాలనీ, ప్రభుత్వ ఆరోగ్య వ్యయంలో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి వెళ్లాలనీ 15వ ఆర్థిక సంఘం చెప్పింది. దానికి మనం ఎంత దూరంలో ఉన్నామో కమిషన్ ఏటా సభకు చెప్పాలి. సభ్యుల్లో ఆర్థికవేత్తలు, వైద్యులతో పాటు ఆశా కార్యకర్తల ప్రతినిధి కూడా ఉండాలి. ఆసుపత్రి యాజమాన్యాలు, బీమా కంపెనీలు వాంగ్మూలం ఇవ్వొచ్చు గానీ సభ్యత్వం పొందకూడదు.

ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 6వ అంశం. ఈ కమిషన్‌కు చట్టం చేసే అధికారం శాసనసభకు ఇప్పటికే ఉంది.