గోశాలకు కొత్తగా చేరిన పశువులు: తొలి నెల జాగ్రత్తలు

లారీల్లో కుక్కి తరలిస్తుండగా పట్టుబడినవి, ముసలివై రోడ్డున పడినవి గోశాలకు చేరాక కూడా చనిపోతుంటాయి. జాలితో పెట్టే తిండి కూడా అందుకు ఒక కారణం. పస్తులున్న పశువుకు విందులో మిగిలిన అన్నం, బియ్యం, దాణా ఒక్కసారిగా పెడితే పెద్దపొట్టలో ఆమ్లం పెరిగి, నెమరు ఆగి, పశువు కూలబడుతుంది. మొదట నీడ, కొద్దికొద్దిగా నీరు, తర్వాత ఎండుగడ్డి ఇవ్వాలి. పచ్చిమేత, దాణా వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి. భక్తులు తెచ్చే ప్రసాదాలు గేటు దగ్గరే తీసుకోండి, నొచ్చుకున్నా ఫరవాలేదు.

కొత్త పశువును కనీసం 21 రోజులు మందకు దూరంగా, వేరే నీటితొట్టితో ఉంచాలి. చొంగ, కుంటు కనిపిస్తే గాలికుంటు అనుమానించాలి. ఈసుకుపోయిన ఆవుకు బ్రూసెల్లా పరీక్ష చేయించాలి. ఇది మనుషులకూ సోకుతుంది కాబట్టి మాయను వట్టి చేతులతో తాకకూడదు. పట్టణంలో తిరిగిన పశువు పొట్ట ఉబ్బుగా ఉండి, ఒళ్లు చిక్కిపోతుంటే లోపల ప్లాస్టిక్ ఉండొచ్చు. నూనెలు తాగిస్తే అది బయటికి రాదు, పశువైద్యుడు ఆపరేషన్ చేసి తీయాల్సిందే.

దున్నలేని ఎద్దు పేడైనా జీవామృతానికి పనికొస్తుంది. ఎకరాకు సరిపోయే 200 లీటర్లకు 10 కిలోలు చాలు. చుట్టుపక్కల రైతులకు అమ్మితే గడ్డి ఖర్చు కొంతైనా తీరుతుంది.