అడుగక తీసిన బొమ్మలు

1838వ సంవత్సరమున పారిసు నగరములో డాగెరు తన కిటికీ నుండి క్రింది వీధిని చిత్రించెను. వెండిపూత గల రాగిరేకుపై బొమ్మ పడుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. అందుచే నడచిపోవు జనులు, బండ్లు అందులో కానరావు. బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు కాలు కదల్పక నిలిచిన ఒక వ్యక్తి మాత్రము రేకుపై నిలిచిపోయెను. మనిషి కనబడు తొలి ఛాయాచిత్రము అదేయని చెప్పుదురు. అతడెవరో ఎవరికిని తెలియదు.

ఆ రోజులలో బొమ్మ కావలెనన్న కదలక కూర్చుండవలెను. అనగా మనిషి సమ్మతి లేనిదే బొమ్మ లేదు. చట్టముతో పని లేకుండ రసాయనశాస్త్రమే మర్యాదను కాపాడుచుండెను! 1871లో ఆంగ్ల వైద్యుడు మాడక్సు జెలటినుతో పొడిపలకలు చేయు మార్గమును చూపెను. అది మెరుగుపడిన కొలది నిమిషములు క్షణభాగములైనవి. 1888లో ఈస్ట్‌మన్ 100 బొమ్మలకు చాలు ఫిల్ముతో కోడక్ కెమెరాను 25 డాలర్లకు అమ్మజొచ్చెను.

ఇంతకంటె విచిత్రమైనది 1886లో వెలువడిన స్టిర్న్ కెమెరా. పళ్ళెమువలె గుండ్రముగ, పలుచగ ఉండును. వెయిస్టుకోటు క్రింద తగిలించుకొనినచో కటకము గుండీ రంధ్రము నుండి తొంగిచూచును. జేబులోని దారము లాగిన చాలును. ఒక్కొక్క పలకపై 6 బొమ్మలు పడును. 1893లో నార్వేలోని క్రిస్టియానియా (నేటి ఓస్లో) నగరమున కార్ల్ స్టోర్మర్ అను విద్యార్థి దీనిని సంపాదించెను. ప్రధానవీధిలో ఎదురైనవారిని పలకరించి, వారు టోపీ ఎత్తునంతలో దారము లాగెడివాడు. ఇట్లు కొలదియేండ్లలో సుమారు 500 బొమ్మలు తీసెను. నాటకకర్త ఇబ్సెను కూడ అందు చిక్కెను. స్టూడియోలో బిగుసుకొనిన ముఖములు కావవి, నిజముగ నవ్వుచున్నవి. చూడ ముచ్చటయే, కాని ఆ నవ్వు పలకరింపునకే గాని కెమెరాకు కాదు. ఈ స్టోర్మరే తరువాత ధ్రువకాంతులను రెండు తావుల నుండి ఒకేసారి ఛాయాచిత్రములు తీయించి, వాని ఎత్తును లెక్కగట్టి ప్రసిద్ధుడయ్యెను. ధ్రువకాంతిని అనుమతి అడుగ పని లేదు గదా!

1890లో అమెరికాలో వారెన్, బ్రాండైస్ అను న్యాయవాదులు హార్వర్డు న్యాయపత్రికలో ఏకాంతపు హక్కును గూర్చి వ్రాయుచు, క్షణములో తీయు ఛాయాచిత్రములను ప్రత్యేకముగ పేర్కొనిరి. ఒక యువతి బొమ్మను పిండి వ్యాపారులు అడుగకయే 25,000 ప్రకటనలపై అచ్చువేయగా, 1902లో న్యూయార్కు ఉన్నత న్యాయస్థానము 4–3 తేడాతో ఆమె వాదమును త్రోసిపుచ్చెను. ప్రజలు మండిపడిరి. మరుసటి యేడే వ్రాతపూర్వకమగు అనుమతి లేక బొమ్మను వ్యాపారమునకు వాడరాదని చట్టము వచ్చెను. వీధిలో తీయుటను మాత్రము అది నిషేధింపలేదు. ఈ తేడాను విద్యార్థులు గమనింపవలెను.

మన దేశమున ఈ హక్కు చర్చకు వచ్చినది కెమెరా వలన కాదు, పోలీసు నిఘా వలన. 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు అధికసంఖ్యాకులు ఏకాంతపు హక్కును అంగీకరింపలేదు. రాజమహేంద్రవరమున జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు భిన్నాభిప్రాయము వ్రాసెను. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగ ఆ హక్కును ప్రాథమికహక్కుగ గుర్తించిరి.

ఇప్పుడు కెమెరా ఫోనులో చేరినది. దానికి దారమును లేదు, చప్పుడును లేదు. జపానులో మాత్రము తయారీదారులు, చట్టము కోరకపోయినను, బొమ్మ తీయునపుడు తప్పక ‘టిక్కు’మను ధ్వని వచ్చునట్లు, దానిని ఆపుటకు వీలులేనట్లు ఫోనులలో అమర్చిరి.