విమాన మైళ్ళ టికెట్టు

విమాన మైళ్ళ టికెట్టు అనగా విమానయాన సంస్థ తన విమానాలలో తరచు ప్రయాణించేవారికి, తన పేరిట ఉన్న క్రెడిట్ కార్డు వాడేవారికి ఇచ్చే మైళ్ళను (పాయింట్లను) డబ్బుకు బదులుగా ఇచ్చి పొందే టికెట్టు. వాడుకలో దీనిని ఉచిత టికెట్టు అంటారు గాని, పన్నులు, విమానాశ్రయ రుసుములు, కొన్ని సంస్థలలో ఇంధన సర్‌ఛార్జీ ప్రయాణీకుడే చెల్లించాలి. రద్దీ రోజులలో ఈ టికెట్లు దొరకవన్నది ప్రపంచమంతటా ఉన్న ఫిర్యాదు. విదేశాలలోని తెలుగువారికి ఇది ముఖ్యంగా పెళ్ళిళ్ళు, పండుగల సమయంలో ఎదురవుతుంది.

చరిత్ర

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న అడ్వాంటేజ్ అనే పథకాన్ని ప్రారంభించింది. ఇతర సంస్థలు త్వరలోనే దానిని అనుసరించాయి. భారతదేశంలో ఎయిర్ ఇండియా పథకానికి ఫ్లయింగ్ రిటర్న్స్ అని పేరు ఉండేది, ఇప్పుడు మహారాజా క్లబ్ అంటున్నారు.

1988లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన నియమాలు మార్చి, మైళ్ళకు ఇచ్చే సీట్లపై పరిమితిని, మైళ్ళు చెల్లని తేదీలను విధించింది. అప్పటికే కూడబెట్టిన మైళ్ళకు కూడా ఇవి వర్తించడంతో సభ్యులు కోర్టుకు వెళ్ళారు. 1995లో అమెరికా సుప్రీం కోర్టు, రాష్ట్రాల వినియోగదారుల చట్టం కింద దావా చెల్లదని, ఒప్పంద ఉల్లంఘన కింద మాత్రం వేయవచ్చునని తీర్పు చెప్పింది. అయితే నియమాలను మార్చే అధికారం తమకు ఉన్నదని సంస్థలు ఒప్పందంలోనే వ్రాసుకుంటాయి కనుక సభ్యునికి దీనివలన ఒరిగేది తక్కువ.

సీట్ల కేటాయింపు

ఒక విమానంలోని సీట్లను సంస్థ పలు ధరల తరగతులుగా విభజిస్తుంది. డబ్బుకు అమ్ముడుపోవని అంచనా వేసిన సీట్లనే తక్కువ మైళ్ళకు విడుదల చేస్తుంది. డిసెంబరు రెండవ పక్షంలోను, వేసవి సెలవులలోను అన్ని సీట్లూ అమ్ముడవుతాయి కాబట్టి మైళ్ళకు మిగిలేది ఒకటో రెండో. నలుగురున్న కుటుంబానికి అవి చాలవు. పైగా డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో స్థిరమైన మైళ్ళ పట్టికలను తొలగించాయి. అప్పటినుండి సీటు ఉన్నా, రద్దీని బట్టి దానికి అడిగే మైళ్ళు పెరుగుతాయి. "చెల్లని తేదీలు లేవు" అనే ప్రకటనకు అర్థం చాలావరకు ఇదే.

ముహూర్తాలు, సెలవులు

సంస్థలు సాధారణంగా ప్రయాణానికి సుమారు 11 నెలల ముందు సీట్లు తెరుస్తాయి. తెలుగువారి పెళ్ళి ముహూర్తం అంత ముందుగా తేలదు. ఉగాదికి కొత్త పంచాంగం వచ్చి, సంబంధం కుదిరి, శ్రావణంలో లగ్నం పెట్టేసరికి మూడు నాలుగు నెలలే మిగులుతాయి. అమెరికా బడుల సెలవులలో చాలా రోజులు ఆషాఢంతో కలిసిపోవడం వలన అందరూ శ్రావణంలోని కొద్ది రోజులకే పోటీ పడతారు. 2023లో జూన్ 19 నుండి జూలై 17 వరకు ఆషాఢం, వెంటనే ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చాయి. ఆ రెండింటిలోను పెళ్ళిళ్ళు చేయరు. నిజ శ్రావణం మొదలయ్యే నాటికి అమెరికాలో చాలా బడులు తెరిచారు. సంక్రాంతి సంగతీ అంతే, శీతాకాలపు సెలవులు పండుగకు ముందే ముగుస్తాయి.

పల్నాడు జిల్లా బెల్లంకొండ వంటి ఊరికి రావలసినవారికి మరొక చిక్కు ఉంది. దగ్గరలోని గన్నవరం విమానాశ్రయానికి అమెరికా నుండి నేరుగా విమానాలు లేవు. ఢిల్లీలో మారాలంటే రెండు విమానాలలోను మైళ్ళ సీటు ఉండాలి. ఒకదానిలో లేకపోతే మొత్తం టికెట్టు రాదు. అందువలన చాలామంది శంషాబాదులో దిగి రోడ్డు మార్గాన గాని, సికింద్రాబాదు నుండి నడికుడి మీదుగా రైలులో గాని వస్తారు. పండుగ రోజులలో ఆ రైలు బెర్తు కూడా సులభంగా దొరకదు.

మైళ్ళ విలువ

తేదీ దొరికే వరకు మైళ్ళను దాచుకోవడం క్షేమం కాదు. వాటికి చాలా పథకాలలో గడువు ఉంటుంది. కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులో నిలిచిపోయాక ఆ సంస్థ మైళ్ళు ఉన్నవారికి ఎక్కడానికి దాని విమానమే లేకపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయినా, దాని పథకం వేరే కంపెనీగా ఉండడం వలన పాయింట్లు మిగిలి, తరువాత ఇంటర్‌మైల్స్ అనే పేరుతో కొనసాగాయి. అమెరికా రవాణా శాఖ 2024 సెప్టెంబరులో అమెరికన్, డెల్టా, సౌత్‌వెస్ట్, యునైటెడ్ సంస్థల పథకాలపై విచారణ చేపట్టి, మైళ్ళ విలువ తగ్గింపు గురించి వివరాలు కోరింది.

రానుపోను టికెట్లను విడివిడిగా తీసుకోవడం, చెన్నై లేదా బెంగళూరులో దిగడం, ఇద్దరిద్దరుగా వేర్వేరు రోజులలో బయలుదేరడం ప్రయాణీకులు అనుసరించే మార్గాలు. వేర్వేరు సంస్థల టికెట్లను విడిగా కొని కలుపుకుంటే, మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోయినప్పుడు రెండవ సంస్థకు బాధ్యత ఉండదు.