పచ్చని పందిరి నుంచి ఓపెన్ లాన్ దాకా: ఓరుగల్లులో ఆరుబయట పెండ్లి కథ

ఈ ఎపిసోడ్‌లో పెండ్లి ముచ్చట మాట్లాడుకుందాం. ముహూర్తాలు, కట్నాలు, భోజనాల సంగతి కాదు. పెండ్లి ఎక్కడ చేసేవాళ్లు, పైన ఏం కప్పేవాళ్లు, కింద ఏం పరిచేవాళ్లు, ముందు ఏం కట్టేవాళ్లు అన్నదే ఈరోజు విషయం.

ఎందుకంటే ఈమధ్య వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఓపెన్ లాన్‌లో పెండ్లి అంటే కొత్త ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడుతున్నారు. సినిమా వాళ్లను చూసి నేర్చుకున్నామనే వాళ్లూ ఉన్నారు. కానీ మన అమ్మమ్మల కాలం లెక్క తీస్తే, నాలుగు గోడల మధ్య పెండ్లే కొత్తది. ఆరుబయట పెండ్లి పాతది. మారింది చోటు కాదు, ఆ పందిరి కింద ఎవరి చేతి పని ఉంటుంది అనేది. ఆ సంగతి చివర్లో తేలుతుంది, ముందు కథ వినండి.

మన ఊర్లో అందరికీ తెలిసిన చోటు నుంచి మొదలుపెడదాం. హనుమకొండలో వేయి స్తంభాల గుడి. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడు. రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు, ముగ్గురికి మూడు గర్భగుళ్లు. ఎదురుగా నంది, నందికి అవతల ఇంకో పెద్ద మండపం. దాన్నే మనం కల్యాణ మండపం అంటాం. దాంట్లోకి పోయి నిలబడితే ఒక సంగతి కండ్లకు కడుతుంది. దానికి గోడలు లేవు. అన్నీ స్తంభాలే. గాలి ఇటు నుంచి అటు పోతుంది, ఎండ లోపలికి రాదు, చుట్టూ ఉన్నవాళ్లకు లోపల జరిగేది కనిపిస్తుంది. అంటే ఏంటి? గుంజలు పాతి, పైన కప్పేసి, పక్కలు వదిలేయడం. మన పల్లె పందిరి లెక్కనే ఉంది కదా! పందిరిని రాతిలో కడితే ఇట్లా ఉంటుంది.

ఆ మండపం కథ ఇంకా ఉంది. పునాది కుంగి, స్తంభాలు ఒరిగిపోతుంటే 2006లో పురావస్తు శాఖ వాళ్లు దాన్ని మొత్తం విప్పారు. రాయి రాయి పక్కన పెట్టారు. మళ్లీ నిలబెట్టి జనానికి తెరిచింది 2024 మార్చి 8న, మహాశివరాత్రి రోజు. విప్పడానికి, తెరవడానికి మధ్య పద్దెనిమిదేండ్లు! ఒక పిల్ల పుట్టి ఓటు హక్కు వచ్చేంత కాలం. పాత పనిని మళ్లీ చేయాలంటే రాళ్లుంటే సరిపోదు, ఆ పని తెలిసిన చేతులు కావాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు కోటలోకి పోదాం. ఖిలా వరంగల్‌లో స్వయంభూ శివాలయం ఉన్న చోట నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు. పదమూడో శతాబ్దానివి. వాటినే కీర్తి తోరణాలు, కాకతీయ కళాతోరణం అంటున్నాం. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు పెట్టుకున్నది దీన్నే. దగ్గరికి పోయి చూస్తే దాని మీద తామర మొగ్గలు, వంపులు తిరిగి వేలాడే పూలదండలు, తోకలు ఆకుల్లా విచ్చుకున్న పక్షులు కనిపిస్తాయి. అంటే శిల్పి చెక్కింది అసలైన పచ్చి తోరణాన్నే. పండగకో పెండ్లికో గుమ్మానికి కట్టే దండ సాయంత్రానికి వాడిపోతుంది. దాన్ని వాడకుండా రాతిలో నిలిపాడు.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న. ఆ కాలం పెండ్లిలో బంతిపూల తోరణం ఉండేదా? లేదు. బంతి మన నేల పువ్వు కాదు. మెక్సికో వైపు పుట్టింది. సముద్రాలు దాటి మన దేశానికి వచ్చేసరికి కాకతీయ రాజ్యం పడిపోయి చాలా కాలమైంది. ఇవాళ బంతి లేని పెండ్లి ఊహించలేం, బతుకమ్మలో కూడా తంగేడు, గునుగు పక్కన బంతి ఉండాల్సిందే. కాబట్టి సంప్రదాయం అంటే కదలకుండా ఉండేది కాదు. కొత్తది వస్తుంది, కలిసిపోతుంది. రైతు దాన్ని చేన్లో పండించాడు, ఆడవాళ్లు దండ గుచ్చారు, మనదైంది. పరాయిది కావడం తప్పు కాదు. మన చేతుల్లోకి వచ్చిందా లేదా అన్నదే లెక్క.

దేవుడి పెండ్లి ఒకటి చూద్దాం. కొమురవెల్లి మల్లన్న. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ 2016లో జిల్లాలు విడగొట్టేదాకా వరంగల్ జిల్లానే. మార్గశిర మాసంలో మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మలతో కల్యాణం. చేసేది గుడి లోపల కాదు, తోటబావి దగ్గర ఆరుబయట, వచ్చిన జనమంతా చూసేట్టు. మల్లన్న కొలుపుల్లో అలంకరణ అంటే పట్నం. ఒగ్గు పూజారులు నేల మీద రంగు పొడులతో గీస్తారు. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడి వేళ్ల సందు నుంచి జారుతుంటే గీత వస్తుంది. శివరాత్రికి వేసే పెద్దపట్నం చూడటానికి జనం విరగబడతారు. రాత్రంతా వేసిన పట్నాన్ని చివరికి తొక్కేస్తారు. దాచుకోవడానికి వేసింది కాదు, ఆ ఒక్క వేళకు వేసింది. ఆరుబయట అలంకరణకు ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు.

ఇక మన ఇంటి పెండ్లి. పందిరి వేయడమంటే ఊరంతటికీ పని. పంగ ఉన్న గుంజలు తెచ్చి గుంతలు తీసి పాతాలి. వాటి మీద వాసాలు, వాసాల మీద కంక బొంగులు, పైన తాటి కమ్మలు, నేరేడు పొరక, మామిడి కొమ్మలు. ఏటూరునాగారం వైపు అడవుల్లో వెదురు, ఊరి గట్ల మీద తాటిచెట్లు, ఏదీ కొనాల్సిన పని లేదు. వైశాఖంలో వరంగల్ ఎండ ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. పచ్చి ఆకులో తడి ఉంటుంది, అది ఆరుతూ ఆరుతూ కింద చల్లబరుస్తుంది. ఆకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. గుడ్డ టెంటు కింద కూర్చుంటే ఉడుకుతుంది, ఆకు పందిరి కింద కూర్చుంటే కునుకు పడుతుంది. తేడా అదే.

కుమ్మరి ఇంటికి మేళతాళాలతో పోయి ఐరేని కుండలు తెచ్చేవాళ్లు. నెత్తి మీద ఉల్లెడ పట్టేది చాకలి. మేదరి ఇంటి నుంచి గంపలు, చాటలు. వడ్రంగి పీటలు. మంగలి సన్నాయి. మాదిగ డప్పు. ఒక్కో వస్తువుకు ఒక మనిషి, ఆ మనిషికి పెండ్లిలో ఒక హక్కు, ఒక కట్నం.

అయితే ఆ రోజులన్నీ బంగారమని నేను చెప్పను. ఆ హక్కు వెనక కులం కట్టిన గీత ఉంది. డప్పు కొట్టినవాళ్లు పందిరి బయటే నిలబడ్డారు. పందిరికి పొరక మోసుకొచ్చినవాళ్లకు అందరితో కలిసి బంతిలో కూర్చునే చోటు లేదు. చాలామందికి కూలి పైసల్లో కాదు, గింజల్లో, అది కూడా పెద్దమనిషి దయ. డబ్బు కడితే ఎవరికైనా ఒకే టెంటు ఇచ్చే కిరాయి దుకాణం వచ్చినప్పుడు కొందరు ఊపిరి పీల్చుకున్నారంటే దానికి కారణం ఉంది. ఈ మాట దాటేసి చరిత్ర చెబితే అది సగం చరిత్రే.

ఇప్పుడు పందిరి కింద పరిచిన దాని సంగతి. జంపఖానా. నాకు ఈ ఎపిసోడ్ చేయాలనిపించిందే దీనివల్ల. కుర్చీలు రాకముందు పెండ్లికొచ్చిన వాళ్లంతా కూర్చున్నది జంపఖానాల మీదనే. పత్తి పండే నేల, నేసే మనుషులు, రెండూ వరంగల్‌కు ఉన్నాయి. ఈ ప్రాంతం బట్టల పేరు పాతదే. కాకతీయుల రేవు మోటుపల్లి గురించి రాస్తూ మార్కో పోలో ఇక్కడి సన్నటి బట్టను సాలెగూడుతో పోల్చాడు. తర్వాత తివాచీల నేత ఇక్కడ స్థిరపడింది. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో వరంగల్ తివాచీలు పెట్టారు. కొత్తవాడ మగ్గాల మీద నూలు జంపఖానాలు ఇప్పటికీ నేస్తున్నారు. 2018లో వరంగల్ దరీలకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ జంపఖానాకు గిరాకీ ఎక్కడిది? పెండ్లిళ్లది, సభలది, బళ్లది. జనం నేల మీద కూర్చోవడం మానేస్తే ఆ గిరాకీ పోతుంది. ప్లాస్టిక్ కుర్చీ ఒక దెబ్బ కొట్టింది. ఇప్పుడు లాన్ పెండ్లిళ్లలో పరిచే ఎర్రటి సింథటిక్ కార్పెట్ ఇంకో దెబ్బ. రెండు మూడు పెండ్లిళ్లకు చిరిగి చెత్తలో పడే గుడ్డ అది. పెండ్లి జరిగే లాన్ నుంచి ఆటో ఎక్కితే కొత్తవాడ ఎంతో దూరం ఉండదు. కానీ పరిచేది మాత్రం వేరే రాష్ట్రం నుంచి లారీలో వస్తుంది.

మధ్యలో ఏం జరిగిందో గబగబా చెబుతా. నిజాం కాలంలో షామియానా వచ్చింది, పార్శీ మాట అది. బరాత్ అనే మాట ఉర్దూ దారిన వచ్చి మన ఇంటి మాటైపోయింది. దివిటీలు పోయి పెట్రోమాక్స్ లైట్లు వచ్చాయి. తర్వాత టెంట్ హౌస్, ఆ తర్వాత ఫంక్షన్ హాల్. ఇండ్లు చిన్నవయ్యాయి, వాకిళ్లు పోయాయి, పందిరికి చోటు లేదు, హాల్‌కు పోక తప్పలేదు. ఇప్పుడు హాల్‌లో ఉక్కపోత, పార్కింగ్ గోస చూసి మళ్లీ ఆరుబయటకు వస్తున్నాం. చక్రం తిరిగి మొదటికొచ్చింది.

అయితే వట్టి చేతులతో వచ్చాం. స్టేజీ వెనక కళాతోరణం నమూనా పెడుతున్నారు, చూసే ఉంటారు. ఓరుగల్లు పిల్ల, ఓరుగల్లు పిల్లగాడు, ఆ ముచ్చట నాకూ అర్థమవుతుంది. కానీ ఆ తోరణం థర్మకోల్‌ది అయితే? 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మకోల్ కూడా ఉంది. శిల్పి వాడిపోయే దండను వాడని రాయిలోకి మార్చాడు. మనం ఆ రాయిని రేపు పొద్దున చెత్తబండి ఎక్కే థర్మకోల్‌లోకి మార్చాం. బొమ్మను తెచ్చుకున్నాం, చేసేవాళ్లను వదిలేశాం.

కాబట్టి ఇంట్లో పెండ్లి ఉండి, ఆరుబయట చేద్దామనుకునే వాళ్లకు చరిత్ర నుంచి నాలుగు మాటలు. స్టేజీ సంగతి కన్నా ముందు నీడ సంగతి చూడండి. భోజనాల వైపైనా ఆకు పందిరి వేయించండి, వేసే పెద్దమనుషులు పల్లెల్లో ఇంకా ఉన్నారు, కూలి నిండుగా ఇవ్వండి, బంతిలో పక్కన కూర్చోబెట్టుకోండి. పాత పందిరిలో ఉన్న తప్పు దిద్దుకునే దారి అదే. ఆకు ఎండితే అంటుకుంటుంది, పొయ్యిలు దూరం పెట్టండి. వేసవి సాయంత్రాలు గాలిదుమారం లేస్తుంది, ఎత్తైన ఇనుప ఫ్రేములకు గట్టి కట్లు వేయించండి. రాత్రి పదికి మైకులు, డీజే ఆపాలని చట్టం ఉంది, బరాత్ టైము ముందే అనుకోండి.

ఇంకొకటి. మండపం ముందు పెద్దవాళ్లు కూర్చునే చోట నాలుగు కొత్తవాడ జంపఖానాలు పరచండి. పెండ్లి అయ్యాక అవి చెత్తలోకి పోవు, కొత్త జంటతో పాటు వాళ్ల ఇంటికి పోతాయి. వేయి స్తంభాల గుడి మండపం మళ్లీ నిలబడటానికి పద్దెనిమిదేండ్లు పట్టింది, అయినా రాళ్లు ఆగాయి. మగ్గం అట్లా ఆగదు. నేసే మనిషి వేరే పనికి పోతే ఆ ఇంట్లో మగ్గం విప్పి అటక మీద పెడతారు, మళ్లీ దించేవాళ్లు ఉండరు.

మీ ఊర్లో పందిరి గుంజ ఎవరు పాతేవాళ్లు, దాని మీద ఏ ఆకు వేసేవాళ్లు, ఈ రెండు సంగతులు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. సెలవు.