వైద్యునికి చూపిన లెక్క



కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత నెఱుగనివారు మనలో నుండరు. నేటి చరిత్ర ఆ కొండనాలుకకు పొరుగున నున్న టాన్సిలు గ్రంథులను గూర్చినది. ఇరువదవ శతాబ్ది పూర్వభాగమున ఇంగ్లండు, అమెరికా దేశములలో వీనిని కోసి తీసివేయుట బడిపిల్లలకు మిక్కిలి తఱచుగా జరుగు శస్త్రచికిత్స. అందుకై బిడ్డ ఆసుపత్రిలో చేరవలెను, మత్తుమందు పీల్చవలెను. కొందఱు పిల్లలు ఆ చికిత్సవలననే మరణించిరి.

ఇది ఇందఱికి నవసరమా యను సంశయము లెక్కలనుండి పుట్టినది. 1934లో న్యూయార్కు నగరమున వేయిమంది పిల్లలను గూర్చిన పరిశీలన యొకటి వెలువడెను. అందు 611 మందికి అప్పటికే గ్రంథులు తీసివేయబడి యుండెను. మిగిలిన 389 మందిని వైద్యులు పరీక్షించి 174 మందికి శస్త్రచికిత్స కావలెననిరి. అక్కఱలేదన్న 215 మందిని వేఱు వైద్యులకు చూపగా, వారు 99 మందికి కావలెననిరి. మూడవమాఱును ఇంచుమించుగా నట్లే జరిగెను. రోగము బిడ్డ గొంతులో నున్నదా, చూచువాని అలవాటులో నున్నదా?

1938లో ఆలిసన్ గ్లోవర్ అను ఆంగ్లవైద్యుడు ఇంకొక వింత చూపెను. లండను చేరువ హార్న్సీలో 1928వ సంవత్సరమున బడిపిల్లలకు 186 శస్త్రచికిత్సలు జరుగగా, 1929లో 12 మాత్రమే జరిగెను. మాఱినది పిల్లల గొంతులు కావు, బడి వైద్యాధికారి.

అయినను వాడుక తేలికగా పోలేదు. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున జాన్ వెన్‌బర్గు, ఆలన్ గిటెల్సోన్ అనువారు 13 ఆసుపత్రి ప్రాంతముల లెక్కలు కట్టి 1973లో ప్రకటించిరి. ఒక ప్రాంతమున పదివేల జనమునకు 13 టాన్సిలు చికిత్సలు జరుగగా, వేఱొకచోట 151 జరుగుచుండెను. ఒకే రాష్ట్రము, ఒకే తీరు జనము!

ఈ లెక్కలను వైద్యుల ముందుంచిరి. నిందింపలేదు, చట్టముతో బెదరింపలేదు. మీ సంఖ్య ఇది, పొరుగువారి సంఖ్య ఇది యని మాత్రము చూపిరి. అంతవఱకు ప్రతివైద్యుడును తన పద్ధతియే లోకపద్ధతి యని తలచియుండెను. పొరుగు చేని పంట చూచినగాని తన చేని సంగతి రైతునకు తెలియదు గదా! 1969 మొదలు 1973 లోపల ఆ రాష్ట్రమున ఈ చికిత్సలు 46 శాతము తగ్గినట్లు 1977లో వెల్లడియయ్యెను. అన్ని ఆసుపత్రి పడకలు, అంతమంది తల్లుల దిగులు తప్పినవి.

ఈ చికిత్స ఎన్నడును కూడదని దీని భావము కాదు. నిద్రలో ఊపిరి అడ్డగించు బిడ్డకును, మాటిమాటికి గొంతువాపుతో బాధపడు బిడ్డకును అది నేటికిని మేలు చేయగలదు. కావలసినవారికి, అక్కఱలేనివారికి గల భేదమును కనుగొనుటయే కష్టము. అందుకు వైద్యునికి విద్యతోపాటు తన పని ఫలితములు తెలుపు అద్దము కూడ కావలెను. మనమును ఇంట నెవరినైన ఆసుపత్రిలో చేర్పుమన్నపుడు, “అయ్యా, కొన్నాళ్లు ఆగి చూచిన నేమగును?” అని వినయముతో అడుగవచ్చును. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు కోపింపడు.