గుత్త పనికి తోడు ఎవరు?
టెండరు వేయకముందే భాగస్వామి వివరాలు తేల్చుకోవాలి

ఏలూరు: ప్రభుత్వ పని దక్కించుకోవడానికి తక్కువ ధర ఒక్కటే చాలదు. అర్హత, అనుభవం, యంత్రాలు, పెట్టుబడి అన్నీ ఉండాలి. ఇవన్నీ ఒక్కరి వద్దే ఉండటం అరుదు కనుక చిన్న, మధ్యతరహా గుత్తేదారులు మరొకరితో చేయి కలిపి టెండరు వేస్తుంటారు. పని ఖరారైన రోజున కనిపించని చిక్కులు బిల్లు ఆగిన రోజున బయటపడతాయి. అప్పటికి ఇల్లు, పొలం బ్యాంకు తనఖాలో ఉంటాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాల్లో పనులు చేపట్టేవారు భాగస్వామిని ఎంచుకునే ముందు పరిశీలించాల్సిన అంశాలివి.

ఒకరి తప్పు.. అందరి బాకీ

భారత భాగస్వామ్య చట్టం 1932లో వచ్చింది. దాని 25వ సెక్షన్ ప్రకారం సంస్థ చేసిన ప్రతి పనికీ భాగస్వాములందరూ ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు. పావలా వాటా ఉన్న వ్యక్తి నుంచి కూడా మొత్తం బకాయిని వసూలు చేయవచ్చు. వాటాల నిష్పత్తి భాగస్వాముల మధ్య లెక్కలకే తప్ప బయటివారికి వర్తించదు.

సంస్థను రిజిస్టరు చేయించకపోవడం మరో పొరపాటు. 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాని సంస్థ తన ఒప్పందం అమలు కోసం బయటివారిపై దావా వేయలేదు. భాగస్వామి వాటా ఎగవేసినా, సంస్థను రద్దు చేసి లెక్కలు తేల్చమని కోరడం మినహా దావాకు అవకాశం స్వల్పం.

విడిపోయినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. తప్పుకొన్న విషయంపై బహిరంగ ప్రకటన ఇచ్చే వరకు, సంస్థ తర్వాత చేసే పనులకూ పాత భాగస్వామి బయటివారికి జవాబుదారీగా ఉంటారు. రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి. రాజపత్రంలోనూ, ఆ జిల్లాలో చెలామణిలో ఉన్న ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటించాలని 72వ సెక్షన్ చెబుతోంది.

పరిమిత బాధ్యతా భాగస్వామ్య సంస్థలకు 2008లో ప్రత్యేక చట్టం వచ్చింది. అందులో ఒకరి తప్పు మరొకరి సొంత ఆస్తికి చుట్టుకోదు. అయితే బ్యాంకులు సొంత పూచీకత్తు అడిగితే, సంతకం చేసిన మేరకు బాధ్యత తప్పదు.

లోటు ఏదో తెలుసుకోవాలి

బంధుత్వం, పరిచయం చూసి భాగస్వామిని తెచ్చుకోవడం పరిపాటి. తనకు ఏది తక్కువో అది ఉన్నవారిని వెతకడం మేలు. 2003 జులైలో రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసిన 94వ నంబరు ఉత్తర్వులో టెండరు సామర్థ్యాన్ని లెక్కించే పద్ధతి ఉంది. గత ఐదేళ్లలో ఏదైనా ఒక ఏడాదిలో చేసిన గరిష్ఠ పనుల విలువను, పని పూర్తికి ఇచ్చిన సంవత్సరాలతోనూ, రెండుతోనూ గుణించాలి. చేతిలో ఉన్న పనుల విలువను అందులోంచి తీసివేయాలి. గరిష్ఠ విలువ రూ.2 కోట్లు, గడువు ఏడాది, చేతిలోని పనులు రూ.1.5 కోట్లు అయితే సామర్థ్యం రూ.2.5 కోట్లు. పేరున్న గుత్తేదారు అయినా చేతినిండా పనులుంటే ఆయన సామర్థ్యం మిగలకపోవచ్చు.

భాగస్వామి అనుభవం లెక్కలోకి వస్తుందా అన్న ప్రశ్నపై హైదరాబాద్ టెలిఫోన్ డైరెక్టరీల ముద్రణ టెండరు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యూ హొరైజన్స్ అనే ఉమ్మడి సంస్థ రూ.459.90 లక్షల రాయల్టీ ఇస్తామన్నా, సంస్థకు సొంత అనుభవం లేదని అధికారులు పక్కన పెట్టారు. ఉమ్మడి సంస్థలో చేరిన వారి అనుభవాన్నీ పరిగణించాలని 1994 నవంబరులో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయినా టెండరు నిబంధనల్లో ఏముందో చదవకుండా ఆ తీర్పును నమ్ముకోవడం తగదు.

కొల్లేరులో కాలమే పెట్టుబడి

గోదావరి పశ్చిమ డెల్టాలో దాళ్వా ముగిసి కాలువలు కట్టేశాక, తిరిగి నీరు వదిలేలోపే పూడికతీత, గట్లు, తూముల పనులు పూర్తి కావాలి. వేసవి దాటితే మరో ఏడాది ఆగాల్సిందే. అందువల్ల భాగస్వామి పొక్లెయిన్లు, టిప్పర్లు సొంతమా, అద్దెవా, అదే నెలలో మరోచోట పని ఒప్పుకున్నారా అన్నది ముందే తెలుసుకోవాలి. లంక గ్రామాల రోడ్లకు గ్రావెల్‌ను మెట్ట ప్రాంతం నుంచి తరలించాల్సి ఉంటుంది. రవాణా ఖర్చు తెలియని భాగస్వామి వేసే ధర నష్టానికి దారి తీస్తుంది.

కొల్లేరు అయిదో కాంటూరు వరకు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అక్రమ చేపల చెరువులను తొలగించారు. అక్కడి పనులకు వన్యప్రాణి సంరక్షణ చట్టం నిబంధనలు వర్తిస్తాయి. అనుమతులు తెచ్చే పూచీ ఎవరిదో తేల్చకుండా యంత్రాలు దించితే పని ఆగిపోయే ప్రమాదం ఉంది.

మధ్యలో ఆగితే?

పెద్ద పనులూ చేతులు మారతాయి. పోలవరం ప్రధాన పనులు 2013లో ట్రాన్స్‌ట్రాయ్, రష్యాకు చెందిన జేఎస్‌సీ ఈసీ యూఈఎస్‌ల ఉమ్మడి సంస్థకు దక్కాయి. 2018లో కొన్ని పనులు నవయుగకు వెళ్లాయి. 2019లో రివర్స్ టెండరు ద్వారా మేఘా ఇంజినీరింగ్‌కు చేరాయి. చిన్న గుత్తేదారుకు ఇందులో పాఠం ఒకటే. పని మధ్యలో ఆగితే బ్యాంకు గ్యారంటీ నష్టం ఎవరు భరించాలో మొదటే రాసుకోవాలి.

పేరు ఒకరిది, పని మరొకరిది అన్న ఏర్పాటు అన్నింటికన్నా ప్రమాదకరం. లైసెన్సు ఇచ్చినవారు నాణ్యత లోపానికీ, నల్లజాబితాకూ బాధ్యులవుతారు. పని చేసినవారికి బిల్లు అడిగే హక్కు కాగితంపై ఉండదు.

టెండరుకు ముందు సరిచూడాల్సినవి

* రిజిస్ట్రేషన్ తరగతి, దాని గడువు, ఇతర శాఖల్లో నల్లజాబితా వివరాలు.
* గత పనుల పూర్తి ధ్రువపత్రాలు. జారీ చేసిన కార్యాలయంలోనే వాటిని ధ్రువీకరించుకోవాలి.
* మూడేళ్ల ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు, ఉన్న అప్పులు, కోర్టు వ్యాజ్యాలు.
* బిల్లు ఆలస్యమైతే కూలీలకు, సిమెంటుకు సొంత డబ్బుతో ఎన్ని నెలలు నెట్టుకురాగలరు.
* బిల్లులు జమయ్యే ఖాతాకు ఇద్దరి సంతకం.
* ధరావతు ఎవరు కట్టారు, దోష బాధ్యత కాలం ముగిశాక అది ఎవరికి చేరాలి.
* మరణం, విరమణ, తగాదా ఎదురైతే పని కొనసాగించే తీరు.

ఈ వివరాలు అడిగితే నొచ్చుకునే వ్యక్తి, రేపు లెక్కలు అడిగినా నొచ్చుకుంటారు. ఒప్పంద పత్రాన్ని న్యాయవాదికీ, ఆడిటరుకూ చూపించిన తర్వాతే ధరావతు చెల్లించడం శ్రేయస్కరం.