అజరయ్య దగ్గర జవాబు లేని రెండు ప్రశ్నలు

మొన్న ఒక డిగ్రీ విద్యార్థి ఫోన్ చేశాడు. "అన్నా, హిందూమతంలో కులం గురించి ఇన్ని భాగాలు రాశావు. మన చర్చిలో కులం గురించి చర్చి పెద్దలు ఎవరన్నా నోరు తెరిచారా?" అన్నాడు. తెరిచారు తమ్ముడూ. ఒకాయన రెండుసార్లు తెరిచాడు. మొదటిసారి తెల్లదొరల ముందు. రెండోసారి తన గురించే. ఈ భాగం ఆయన మీద.

మనిషి వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తమిళదేశంలో తిరునెల్వేలి వైపు పుట్టాడు. తండ్రి పాదిరి. కులం నాడార్. కల్లు గీసే కులం. వాళ్ళని గుళ్ళోకి రానివ్వలేదు, తిరువాన్కూరులో వాళ్ళ ఆడవాళ్ళని రొమ్ము మీద గుడ్డ వేసుకోనివ్వలేదు. అవమానం అంటే ఏంటో ఆ ఇంటికి తెలుసు. అయితే ఆయన మాల కాదు, మాదిగ కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

1909లో నిజాం ఇలాకాలోని డోర్నకల్‌కి వచ్చాడు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. పంపింది తెల్లవాళ్ళ మిషన్ కాదు, తిరునెల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో పెట్టుకున్న సంస్థ. మరుసటేడు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది ప్రతినిధులు. ఆసియా నుంచి వెళ్ళినవాళ్ళు పాతిక మంది కూడా లేరు. అందులో 35 ఏళ్ళ అజరయ్య లేచాడు. మీరు మా కోసం చాలా త్యాగం చేశారు, కాదనం, కానీ మమ్మల్ని స్నేహితులుగా ఎప్పుడు చూస్తారు అని అడిగాడు. మీకూ మాకూ మధ్య ఉన్నది జీతమిచ్చేవాడికీ జీతగాడికీ మధ్య ఉండే సంబంధమే అన్నాడు. ఇంటికొస్తే కుర్చీ వెయ్యరు, చెయ్యి కలపరు, భోజనానికి పిలవరు అని ఉదాహరణలు చెప్పాడు. సభలో కొందరికి ముఖం మాడింది.

కుర్చీ, చెయ్యి, కంచం. వీటి గురించి మన పేటల్లో పుట్టినవాడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కులం మాట ఎత్తకుండానే, కులం పనిచేసే చోట్లన్నీ ఆయన తెల్లవాళ్ళకి చూపించాడు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని డోర్నకల్ బిషప్‌ని చేశారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఎద్దుబండి మీద ఊరూరా తిరిగాడు. ఆయన చనిపోయేనాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. అందులో ఎక్కువమంది మనవాళ్ళే. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత నెత్తిన చెయ్యి పెట్టించి, మేం సువార్త చెప్తాం అని ఒట్టు వేయించేవాడు. ఊళ్ళో నోరెత్తే హక్కు లేనివాడికి పదిమందికి చెప్పే బాధ్యత అప్పగించడం చిన్న సంగతి కాదు.

పొగడ్త ఇక చాలు. పల్లెల్లో నాలుగు దయ్యాలు ఉన్నాయనేవాడు ఆయన. మురికి, రోగం, అప్పు, తాగుడు. వాటిమీద గట్టిగానే పోరాడాడు. కానీ ఆ జాబితా ఇంకోసారి చదవండి. నాలుగూ పేటలో ఉన్న దయ్యాలే. ఊళ్ళో ఉన్న దయ్యం అందులో లేదు. సంఘంలో కులం ఉండకూడదని బోధించాడు, నిజమే. కానీ అప్పు ఎవరి దగ్గర, ఎందుకు చేశాం అన్న ప్రశ్న భూమి దాకా, దొర దాకా పోతుంది. ఆయన అంతదాకా పోలేదు. క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవాళ్ళలోనూ ఆయన ఉన్నాడు. సంఘం రాజకీయ గుంపు కాకూడదన్నది ఆయన వాదన. ఓటు కోసం కొట్లాడుతున్న మనకి ఆ వాదన ఏం కడుపు నింపుతుంది?

1935 అక్టోబరులో యేవలాలో బాబాసాహెబ్ ప్రకటన చేశారు. హిందువుగా పుట్టాను, హిందువుగా చావను అని. ఇక చూడండి, అన్ని మతాల పెద్దలూ ఆయన వైపు చూశారు. ఆ రోజుల్లోనే అజరయ్య కూడా ఆయనతో మాట్లాడాడు. బాబాసాహెబ్ రెండే అడిగారు. మేం క్రైస్తవులమైతే ఎక్కడున్నా ఒకే సంఘంగా ఉండగలమా? కులపిచ్చి నుంచి పూర్తిగా బయటపడతామా?

అజరయ్య ఒక్కదానికీ అవునని చెప్పలేకపోయాడు. జన్మలో అంత సిగ్గుపడలేదని, తలవంచుకుని వచ్చేశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆయన జీవితచరిత్రలో ఈ సంగతి ఉంది.

ఎందుకు చెప్పలేకపోయాడో చూడండి. మిషన్లు మన తెలుగునేలని జిల్లాల లెక్కన పంచుకున్నాయి. గుంటూరు లూథరన్లది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులది. కడప లండన్ మిషన్‌ది. బందరు ఆంగ్లికన్లది. మెదక్ మెథడిస్టులది. గుంటూరు మాల కూలి కోసం ఒంగోలు పోతే అతని క్రీస్తు కూడా మారాలి. ఇది మొదటి ప్రశ్న.

రెండోది ఇంకా దగ్గరిది. కృష్ణా వైపు పగోలు వెంకయ్యతో 1859లో మాలలు ముందు వచ్చారు. ఒంగోలు వైపు యర్రగుంట్ల పేరయ్యతో మాదిగలు ముందు వచ్చారు. 1878 జూలై 3న, కరువు వెనకాలే, క్లౌ దొర మిషన్‌లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మాలలు ముందు చేరినచోట మాదిగలు, మాదిగలు ముందు చేరినచోట మాలలు ఎడంగా నిలబడ్డారు. ఏ మిషన్ ఏ పేటలో అడుగుపెట్టిందో, ఆ పేట కులమే ఆ గుడి కులం అయింది.

మొదటి ప్రశ్న మీద అజరయ్య చివరిదాకా పనిచేశాడు. సంఘాలన్నీ ఒకటి కావాలని తిరిగాడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే చనిపోయాడు. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. చూడటానికి ఆయన లేడు. అందులోకి తెలుగు లూథరన్లూ రాలేదు, తెలుగు బాప్టిస్టులూ రాలేదు.

నాకు ఆయన మీద కోపం ఉంది, గౌరవం కూడా ఉంది. ఎడిన్‌బరోలో మాట్లాడటానికి ధైర్యం కావాలి, కానీ అక్కడ ఆయన అవమానం పడ్డవాడి వైపు నిలబడ్డాడు. అంబేడ్కర్ ముందు నిలబడ్డప్పుడు ఆయన సంఘానికి అధిపతి. తప్పు ఇప్పుడు తన ఇంటిది. అప్పుడు బుకాయించవచ్చు. మా దేవుడి ముందు అందరూ సమానమే అని ఒక వాక్యం చదివి తప్పించుకోవచ్చు. ఈనాటికీ ఎన్ని స్టేజీల మీద ఆ వాక్యం వింటున్నాం! ఆయన తప్పించుకోలేదు.

మరి మేం? మేం మాలలం. మా ఊళ్ళో రెండు గుళ్ళు. ఒకే మిషన్, ఒకే పాటల పుస్తకం, పాదిరిగారు కూడా ఒక్కరే. పొద్దున మా గుళ్ళో, మధ్యాహ్నం మాదిగపల్లెలో ఆరాధన. క్రిస్మస్ ముందురాత్రి మాదిగపల్లె పిల్లలు లాంతర్లు పట్టుకుని పాడుకుంటూ మా మొదటి ఇంటి దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్ళు. ఇంకా ముందుకెందుకు రారని నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. అజరయ్య గురించి చదివాక, నలభై ఏళ్ళ వయసులో, మా నాన్నని అడిగాను. ఆయన చాలాసేపు ఏం అనలేదు. తర్వాత "వాళ్ళ గుడి వాళ్ళకుందిగా" అన్నాడు.

వచ్చే భాగంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా.

జై భీమ్.